అందాల కిరీటం, ఓటు చీటీ

"లిప్‌స్టిక్ వేసుకుని ఓటు వెయ్యడానికి వెళ్ళకండి" అని ఏ పత్రికైనా రాస్తే మనకి ఒళ్ళు మండుతుంది కదూ! కానీ 1946 జూన్‌లో ఇటలీలోని కొరియెరే దెల్లా సెరా అనే పెద్ద దినపత్రిక అక్కడి ఆడవాళ్ళకి సరిగ్గా ఈ సలహాయే ఇచ్చింది. కారణం వింటే మీరూ సరేనంటారు. అప్పట్లో ఓటు చీటీని మడిచి, ఉత్తరం కవరు అంటించినట్టు నాలుకతో తడిపి అంటించాలి. పెదవుల రంగు అంటితే అది గుర్తు పెట్టిన చీటీ కిందకొచ్చి, ఓటు చెల్లకుండా పోవచ్చు. అంచేత లిప్‌స్టిక్ సంచీలో ఉంచుకుని, బయటికొచ్చాక పూసుకోండి అన్నారు.

ఇటలీ ఆడవాళ్ళు దేశమంతటికీ సంబంధించిన ఎన్నికలో ఓటు వెయ్యడం అదే మొదలు. 1946 జూన్ 2న రాజు ఉండాలా, ప్రజల ప్రభుత్వం రావాలా అన్నదానికి వాళ్ళూ తీర్పు చెప్పారు. రాజు వెళ్ళిపోయాడు. కొత్త రాజ్యాంగం రాయడానికి ఎన్నికైన 556 మందిలో 21 మంది ఆడవాళ్ళు.

సరిగ్గా ఆ సంవత్సరమే, ఉత్తర ఇటలీలో సరస్సు ఒడ్డునున్న స్ట్రెసా అనే ఊళ్ళో మిస్ ఇటలీ పోటీ మొదలైంది. రోసానా మార్టీనీ అనే అమ్మాయి గెలిచింది. ఓటూ, అందాల కిరీటమూ ఒకే ఏడాది ఆడదాని చేతికొచ్చాయన్నమాట. ఈ రెండింటిలో ఏది ఎవరికి ఏమిచ్చిందో చూద్దాం.

ఈ పోటీకి మూలం టూత్‌పేస్టు! యుద్ధానికి ముందు, 1939లో దీనో విల్లానీ అనే ప్రకటనల నిపుణుడు, చెజారే జవాట్టినీ అనే రచయిత కలిసి, ఒక టూత్‌పేస్టు అమ్మకం కోసం "చిరునవ్వుకి 5,000 లీరాలు" అని ఫోటోల పోటీ పెట్టారు. నెలకి వెయ్యి లీరాలు వస్తే చాలు భగవంతుడా అని సినిమా పాటలు పాడుకునే రోజులవి. అంటే ఒక్క నవ్వుకి అయిదు నెలల కల! యుద్ధంలో పోటీ ఆగింది. అయ్యాక ఫోటోలకి బదులు అమ్మాయిలే వేదిక ఎక్కారు.

ఎందుకు ఎక్కారంటారా? ఊళ్ళు బాంబులకి కూలి ఉన్నాయి. రొట్టె ముక్కకి కూడా రేషను. చదువుకీ ఉద్యోగానికీ ఆడపిల్లకి తెరిచిన తలుపులు తక్కువ. అందాల పోటీ చూడడానికి సినిమావాళ్ళు వచ్చేవారు. 1947లో గెలిచిన లూచియా బోసే మిలాన్‌లో మిఠాయి దుకాణంలో పనిచేసే 16 ఏళ్ళ పిల్ల. మూడేళ్ళకి, 1950లో, ఆంటోనియోనీ సినిమాలో కథానాయిక. అదే పోటీలో మూడో స్థానంలో నిలిచిన జీనా లోలోబ్రిజిడా తరవాత ప్రపంచమంతా ఎరిగిన తార అయింది.

మనందరికీ తెలిసిన సోఫియా లారెన్ సంగతి చెప్పాలి. నేపుల్స్ దగ్గర పొట్సువోలీ అనే చిన్న ఊళ్ళో, అమ్మమ్మ ఇంట్లో పెరిగింది. తల్లి రొమిల్డా పెళ్ళి కాకుండానే ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఈ రొమిల్డాకి కూడా ఒక కథ ఉంది. 1932లో, హాలీవుడ్ తార గ్రేటా గార్బో పోలికలున్న అమ్మాయిల పోటీలో ఆమె నెగ్గింది. అమెరికా పిలుపొచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు ససేమిరా అన్నారు. పాపం, అక్కడితో ఆమె ఆశ ఆగిపోయింది.

కూతురికి పదిహేనేళ్ళు రాగానే తల్లి నేపుల్స్‌లో జరిగే "సముద్ర రాణి" పోటీకి బయలుదేరదీసింది. కట్టుకోవడానికి మంచి గౌను లేదు. అమ్మమ్మ హాల్లో కిటికీ తెర దించి గౌను కుట్టింది. పాత జోళ్ళకి తెల్లరంగు పూశారు. రాణి కిరీటం రాలేదు గానీ పన్నెండుమంది రాకుమార్తెల్లో ఒకతెగా నిలిచింది. బహుమతిగా కొంత డబ్బు, గోడలకి అంటించే రంగుకాగితం చుట్టలు, రోముకి రైలు టికెట్టు వచ్చాయి. రంగుకాగితం ఇంటి గోడలకి, టికెట్టు జీవితానికి పనికొచ్చాయి. 1950లో మిస్ ఇటలీలోనూ ఆమెకి కిరీటం దక్కలేదు, "మిస్ ఎలిగెన్స్" అని ఒక బిరుదు ఇచ్చారు. 1962లో మాత్రం ఆస్కార్ వచ్చింది, యుద్ధంలో కూతుర్ని కాపాడుకోవడానికి పాట్లుపడే తల్లి పాత్రకి.

అందరు తల్లులకీ ఇలా కలిసొస్తుందా? ఆ ప్రశ్నతోనే 1951లో "బెలిస్సిమా" అనే సినిమా వచ్చింది. లుకీనో విస్కోంటి తీశాడు. కథ ఎవరిదనుకున్నారు? టూత్‌పేస్టు పోటీలో చెయ్యి ఉన్న జవాట్టినీదే! అందులో ఇంటింటికీ వెళ్ళి ఇంజక్షన్లు ఇచ్చి నాలుగు డబ్బులు సంపాదించే తల్లి తన చిట్టికూతుర్ని సినిమా పోటీకి తీసుకెడుతుంది. నాట్యం నేర్పిస్తుంది, గౌను కుట్టిస్తుంది, సిఫారసు చేయిస్తానన్న మోసగాడికి దాచుకున్న డబ్బిస్తే వాడు స్కూటరు కొనుక్కుంటాడు. చివరికి పిల్ల తెరమీద ఏడుస్తుంటే స్టూడియో పెద్దలు పగలబడి నవ్వడం ఆ తల్లి చాటునుంచి చూస్తుంది. తరవాత వాళ్ళే ఒప్పందం కాగితాలు పట్టుకుని ఇంటికొస్తే, అక్కర్లేదు పొమ్మంటుంది. అన్నా మాన్యాని ఆ తల్లిగా నటించింది. దొరికితే తప్పక చూడండి.

ఇక పెద్దమనుషుల మాట. పిల్లలు చెడిపోతున్నారని చర్చివాళ్ళు కోప్పడ్డారు. ఇదంతా అమెరికా మోజని కమ్యూనిస్టుల్లో కొందరు ఈసడించారు. అయినా ఆ పార్టీ వారపత్రికే తన పేరు మీద "మిస్ వీయె నువోవే" అని అందాల పోటీ నడిపింది! తిట్టేవాళ్ళే పెట్టేవాళ్ళు కూడా.

అసలు విషయం ఇక్కడే ఉంది. సోఫియాకి ఇంత పేరొచ్చిందా, 1957లో నిర్మాత కార్లో పాంటీని పెళ్ళాడింది. అతనికి అంతకుముందే పెళ్ళయింది. ఇటలీలో అప్పటికి విడాకులు లేవు. మెక్సికోలో తీసుకున్న విడాకులు చెల్లవని, ద్విభార్యా నేరమని ఇద్దరిమీదా కేసు పెట్టారు. 1962లో ఆ పెళ్ళి రద్దయింది. ఫ్రాన్సు పౌరులై, 1966లో మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. డబ్బూ పేరూ ఉన్నవాళ్ళు దేశం మారగలిగారు. మరి మామూలు ఇల్లాలు? భర్త హింసించినా, వదిలేసినా ఆ బంధం తెగదు. పైగా భార్య తప్పు నడిస్తే ఏడాది దాకా జైలు. భర్తకయితే ఉంపుడుగత్తెను పెట్టుకున్నాడని తేలితే తప్ప శిక్ష లేదు. ఆ చట్టాన్ని 1968లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. 1970లో విడాకుల చట్టం వచ్చింది. దాన్ని తీసెయ్యాలా అని 1974లో ప్రజల్నే అడిగితే సుమారు 59 శాతం వద్దన్నారు. 1975లో భార్యాభర్తలిద్దరూ ఇంట్లో సమానమని చట్టం అయింది. ఆ 21 మంది చెయ్యి వేసిన రాజ్యాంగంలో ఆడా మగా సమానమని రాశాక, అది వంటింటి గుమ్మం దాటి లోపలికి రావడానికి ఇరవయ్యేడేళ్ళు పట్టింది!

పోటీ కూడా నిదానంగానే మారింది. 1987లో గెలిచిన అమ్మాయి పెళ్ళయి బిడ్డతల్లి అని తెలిసి కిరీటం తీసేసుకున్నారు. 1990లో టేపు పెట్టి ఒంటి కొలతలు చూడడం మానేశారు. 1994 నుంచి పెళ్ళయినవాళ్ళని, తల్లుల్ని రానిచ్చారు. 1996లో డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టిన నల్లజాతి అమ్మాయి డెన్నీ మెండెజ్ గెలిచింది. బయట లోకం మారాకే వేదిక మీద నియమాలు మారాయి, గమనించారా?

అందంగా ఉండడం తప్పేం కాదు. తెర చింపి గౌను కుట్టిన ఆ అమ్మమ్మని ఎవరు తప్పుపడతారు? ఆకలి ఉన్న ఇంట్లో దొరికిన తలుపు అదొక్కటే. కాని ఆ తలుపులోంచి ఒకసారికి ఒక్కతే వెడుతుంది, మిగతావాళ్ళు బయటే నిలబడతారు. చట్టం తలుపు ఆలస్యంగా తెరుచుకున్నా అందరికీ తెరుచుకుంటుంది. మన ఆడపిల్లలు రేపు అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డా విసుక్కోకండి. ఓటు రోజున మాత్రం వాళ్ళని చెయ్యి పట్టుకుని వెంట తీసుకెళ్ళండి. ఇప్పుడు చీటీ తడపక్కర్లేదు కాబట్టి, లిప్‌స్టిక్ ఉన్నా ఫరవాలేదు!