ఇంటిలో పాటకు ఏ యంత్రము?

చార్మినారునుండి దక్షిణమునకు నడచినచో కొలది దూరముననే శాలిబండ వచ్చును. షా అలీ బండ యను పేరు ప్రజల నోట నలిగి శాలిబండ యైనది. అచ్చట రాజా రాయ్ రాయన్ దేవిడీకి చెందిన గడియార స్తంభ మొకటి కలదు. ఇంటింట గడియారము లేని కాలమున ఆ పేటవారు దానిని చూచియే వేళ నెరిగెడివారు. ఇప్పుడు ప్రతివాని జేబులోను ఫోనున్నది. వేళ తెలిసికొనుటకు తల పైకెత్తవలసిన పని లేదు. పాట సంగతియు ఇంచుమించుగ నట్లే యైనది. ఒకప్పుడు నడిమి గదిలో రేడియోయో టేపు రికార్డరో మ్రోగుచుండగా ఇంటిల్లిపాదియు వినెడివారు. నేడు ఎవరి చెవిలో వారి పాట.

అయినను, ఇంటిలో పదిమంది కలసి వినుటకొక యంత్రము కావలెనని కోరువారు ఇంకను కలరు. చేతిలోని ధనము కొద్ది. చౌకలో దొరకు డిస్కు ప్లేయరును కొనుటయా, లేక ఇంటనున్న కంప్యూటరునకే మంచి స్పీకర్లు తగిలించి దానిచేతనే పాడించుటయా? ఇది చూచుటకు చిన్న ప్రశ్న. కాని దీనికి సమాధానము చెప్పబోవువాడు ముందుగా ఆ యింటిలో ఎవరున్నారో, వారు వినగోరునదేమో తెలిసికొనవలెను. దుకాణమువారి ధరల పట్టికలో ఆ సంగతి దొరకదు.

శాలిబండ సందులలో నొక యింటిని భావింపుడు. తరతరములుగ పాతబస్తీలో నున్న తెలుగు కుటుంబము. తాత, కొడుకు, కోడలు, ఎనిమిదవ తరగతి చదువు మనుమడు. కొన్ని యేండ్ల క్రిందట కాలధర్మము చెందిన నాయనమ్మ బతుకమ్మ పాటలు పాడుటలో నేర్పరి. ఎవరో చుట్టము ఒక పండుగనాడు ఆమె పాటలను కాసెట్టు మీది కెక్కించెను. కాసెట్టు అరిగిపోవునేమోయని పిమ్మట వానినొక దుకాణమున డిస్కుమీద వ్రాయించిరి. కాసెట్టు పోయినది, డిస్కు మిగిలినది. దానిని పాడు ప్లేయరు మొన్న చెడిపోయినది. తాతకు చూపు మందగించినది. ప్రొద్దుపోక, నిదురరాక, ఆమె గొంతు వినవలెనని కోరును.

"తాతా! కొత్త ప్లేయరెందుకు? కంప్యూటరులో వేసికొని వినవచ్చును గదా! స్పీకర్లు కొనిన చాలును" అని మనుమ డనును.

"బిడ్డా! నేను వినవలెనన్న నీవు చదువు మాని లేవవలెను. నీవు చదువవలెనన్న నేను పాట మానవలెను. ఇద్దరి కొక్క కుర్చీ యెట్లు చాలును?" అని తాత బదులు చెప్పును.

ఈ యిరువురిలో నెవరి మాట సరియైనదో తేల్చుటకు డిస్కు పాడు విధమును కొంత తెలిసికొనవలెను. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలసి రూపొందించిన ఈ డిస్కు 1982లో విపణికి వచ్చినది. దీని యడ్డుకొలత 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. పూర్వపు గ్రామఫోను రికార్డులో ధ్వని గాడియై యుండెడిది. ముల్లు ఆ గాడిని రాచికొనుచు పోవుటచే విన్నకొలది రికార్డు అరుగుచుండెడిది. డిస్కులో నున్నవి సంఖ్యలు. ధ్వనిని సెకనునకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా వ్రాసి, ఆ సంఖ్యలను కంటికి కానరాని గుంటల వరుసగా మార్చి యుంతురు. లేజరు కిరణము వానిని తాకకుండ చదువును. గ్రామఫోను ముల్లు వెలుపలి యంచునుండి లోపలికి పోవును. ఈ కిరణము లోపలినుండి వెలుపలికి సాగును. కేంద్రమునకు దగ్గరగా నున్నప్పుడు డిస్కు నిమిషమునకు సుమారు 500 మారులు తిరిగి, అంచు చేరునప్పటికి సుమారు 200 మారులకు నెమ్మదించును.

చిన్న గీతలు పడినను పాట చెడకపోవుటకు కారణము గణితము. రీడ్, సాలమన్ అను ఇరువురు గణితవేత్తలు 1960లో ప్రకటించిన పద్ధతి ననుసరించి, పాట సంఖ్యలతోపాటు వానిని సరిచూచు సంఖ్యలను గూడ డిస్కునందు చేర్చి, అన్నిటిని దూరదూరముగ చల్లియుంతురు. ఒకచోట కొన్ని చెరిగినను మిగిలినవానినిబట్టి వానిని తిరిగి రాబట్టవచ్చును. పెక్కుమంది మెరయు ప్రక్కను మాత్రము కాపాడి, పేరు ముద్రించిన ప్రక్కను బల్లపై రాచుదురు. ఇది పొరపాటు. మెరయు ప్రక్కన కిరణము చొచ్చు దళసరి ప్లాస్టిక్కు రక్షణగా నున్నది; సంఖ్యలను మోయు పలుచని పొర పేరున్న ప్రక్కకే దగ్గర. అచ్చట గీసినచో పోయిన సంఖ్య తిరిగిరాదు.

ఇప్పుడు ఒక్కటి స్పష్టము. చౌక ప్లేయరు చదివినను, వేలకొలది రూపాయల కంప్యూటరు చదివినను, చెడని డిస్కునుండి వచ్చు సంఖ్యలు అవియే. కంప్యూటరు ఖరీదైనది గావున పాట తీయగా నుండునను మాటకు ఆధారము లేదు. భేదము వచ్చునది సంఖ్యలను మరల విద్యుత్తరంగములుగా మార్చు చోట, వానిని పెంచు ఆంప్లిఫయరులో, అన్నిటికంటె మిక్కిలిగ స్పీకరులో. వెయ్యి రూపాయలు అధికముగ వెచ్చింపగలిగినవాడు స్పీకరుపై వెచ్చించుట మేలు. ఈ సలహా ఇచ్చు దుకాణదారులు అరుదు, ఏలయన పెద్ద పెట్టెకే లాభ మధికము.

స్వరము విషయమున రెండును సరిసమానమైనచో, ఇక చూడవలసినది వాడుక. చిన్న యింటిలో కంప్యూటరు పాడుచున్న తీరును గమనించినవారికి తాత విసుగు అర్థము కాగలదు. దానిని మేల్కొలుపుటకే కొన్ని నిమిషములు పట్టును. లోపలి విసనకఱ్ఱ హోరుమనుచుండును. లోపలి విద్యుత్తు గజిబిజిచే కొన్నింటి స్పీకర్లలో సన్నని రొద వినవచ్చును. దానిని పోగొట్టుటకు స్వరమును మార్చు చిన్న పరికరమును బయట తగిలింపవచ్చును గాని, అదియు నొక ఖర్చే. పాట మంచి పట్టులో నుండగా ఏదో సందేశము వచ్చి టంగుమనును. కావలసిన పాట తెరమీద నెక్కడనో చిన్న యక్షరములలో నుండును. చూపు లేనివానికి ఆ తెర గోడవంటిది. చదువుకొను బాలునకు కలుగు నష్టము వేరు. పుస్తకము తెరచిన చోటనే పాటల పెట్టెయు నున్నచో ఏది గెలుచునో చెప్పనక్కరలేదు.

డిస్కు ప్లేయరు ఇంత తెలివిగలది గాదు. డిస్కు పెట్టి బొత్తాము నొక్కినచో పాడును, మరల నొక్కినచో ఆగును. చీకటిలో చేతి తడుముడుతో వాడవచ్చును. మనుమని పిలువనక్కరలేదు, కోడలి నడుగనక్కరలేదు. ముదుసలికి పరుల నడుగకుండ చేసికొనగలిగిన పని యొక్కటి ఇంటిలో మిగులుట చిన్న సంగతి కాదు. చదువరులు తమ యింటి పెద్దలను గమనించినచో ఇది తెలియును.

అయినను మనుమని మాటలోను ఒక సత్యము కలదు. దానిని తాత యెరుగడు. డిస్కు చిరంజీవి కాదు. కంపెనీవారు అచ్చుకొట్టిన డిస్కులో గుంటలపై అల్యూమినియము పూత యుండును. దుకాణములో వ్రాయించిన డిస్కులో నుండునది రంగు పొర. లేజరు వేడిమిచే ఆ రంగునందు గురుతులు పడును. ఎండ, వేడి, తేమ తగిలినకొలది ఆ రంగు క్షీణించును. వేసవిలో 40 డిగ్రీలు దాటు హైదరాబాదులో, కిటికీ గట్టుపై నుంచిన డిస్కునకు ఆయువు తక్కువ. ఒకనాడు పాట గెంతును. మరికొన్నాళ్ళకు ప్లేయరు ఆ డిస్కును గుర్తింపనే గుర్తింపదు. ప్లేయరు పాడగలదే గాని ప్రతి తీయజాలదు. కంప్యూటరు తీయగలదు. కాసెట్టునుండి కాసెట్టునకు మార్చినపుడు ప్రతిసారియు కొంత స్వరము పోయెడిది. సంఖ్యలకు ప్రతి తీసినపుడు ఏమియు పోదు. నూరవ ప్రతియు మొదటిదానితో సమానము.

ఇచ్చట నొక జాగ్రత్త కావలెను. డిస్కులో పాట సెకనునకు సుమారు 14 లక్షల బిట్ల రాశి. చోటు కలిసివచ్చునని దానిని ఎంపీ3గా కుదించుట వాడుక. సెకనునకు 1,28,000 బిట్లకు కుదించినచో సుమారు పదునొకండవ వంతు మిగులును. చెవి పట్టదనుకొన్న భాగములను అది విడిచివేయును. బజారులో మరల దొరకు సినిమా పాటకు అది చాలును. మరల దొరకని గొంతును అట్లు కుదింపరాదు. ఏమియు విడువకుండ సుమారు సగమునకు కుదించు ఫ్లాక్ వంటి పద్ధతులు ఉచితముగనే లభించుచున్నవి. ఇటీవలి ల్యాప్‌టాపులలో పెక్కింటికి డిస్కు పెట్టు అరయే లేదు గావున, బయట తగిలించు డ్రైవు కావలసివచ్చును.

డిస్కులతో పనియేమి, ఇంటర్నెట్టులో అన్ని పాటలు కలవు గదా యని కొందరందురు. అవి అద్దె యిండ్లవంటివి. రుసుము చెల్లించినంతకాలము లేదా ప్రకటనలు సహించినంతకాలము ఉండనిత్తురు. యజమాని తలచినచో పాట మాయమగును. అదియు నటుండ, నాయనమ్మ పాట అచ్చట లేదు.

శాలిబండకు చేరువనే, పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్ శ్మశానవాటికలో ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ సమాధి కలదు. కసూరులో జన్మించిన ఆ మహాగాయకుడు 1968లో హైదరాబాదు బషీర్‌బాగులో కన్నుమూసెను. ఆయనను కన్నులార చూచినవారు నేడు బహుకొద్ది. కాని ఆయన ఠుమ్రీని ఎరిగినవారు లక్షలు. రికార్డులు చేసిన మేలది. 1974లో కీర్తిశేషులైన ఘంటసాల వారి భగవద్గీత గానమును చూడుడు. ఎల్పీ రికార్డుగా పుట్టి, కాసెట్టై, డిస్కై, నేడు ఫోనులో మ్రోగుచున్నది. యంత్రములు మారినప్పుడెల్ల దానిని క్రొత్త యంత్రమున కెక్కించుటకు కంపెనీలున్నవి, కొనువారున్నారు. ఇంటి ముదుసలి గొంతునకు కంపెనీ లేదు. ఇంటివారే దిక్కు. ఒక్క తరము వారు ఏమరినచో ఆ గొంతు ఈ లోకమున నుండదు.

కావున ముందుగా డిస్కునకు ప్రతి తీయవలెను. యంత్రపు బేరము తరువాత. పొరుగువారి డ్రైవు నొక్క దినము ఎరువు తెచ్చినను ఆ పని జరుగును. ఒక ప్రతి కంప్యూటరులో, ఒకటి వేరొక పరికరములో, ఒకటి వేరే ఊరిలోని చుట్టముల యింట ఉంచుట మంచిది. ఏటికొకసారి బతుకమ్మ పండుగకు ముందు వానిని పాడించి చూచుట ఇంకను మంచిది. ప్రతి తీయుట యొక్క దినపు పని. వినుట ప్రతిదినపు పని. ఒక్క దినపు పనికి ఎరువు సామాను చాలును; ప్రతిదినపు పనికి సొంత సామాను కావలెను. ఆ యింటివారు తమ కొద్ది ధనముతో కొనవలసినది డిస్కు ప్లేయరే. ముసలివారు లేని యింట, ఒంటరిగ చదువుకొను యువకుని గదిలో, ఈ తీర్పు మారవచ్చును.

కొనుటలోను మెలకువ కావలెను. పాటకే ప్రత్యేకించిన ప్లేయర్లు నేడు అరుదు. చౌకలో దొరకునవి పెక్కు డీవీడీ ప్లేయర్లు. అవి పాటల డిస్కును గూడ చదువును. కొన్నింట ఏ పాట పాడుచున్నదో చూపు చిన్న తెర యుండదు. టెలివిజను తగిలించిననే గాని కానరాదు. తాతకు తెరతో పని లేదు గావున అది పెద్ద లోపము గాదు. యూఎస్‌బీ రంధ్ర మున్నదానిని కొనినచో డిస్కు ముందుముందు చెడినను, పనికివచ్చు రీతిలో తీసిన ప్రతిని అందులోనే పాడింపవచ్చును. ఎలక్ట్రానిక్ సామానునకు పేరుపొందిన కోఠీ గుజరాతీ గల్లీలో క్రొత్తవానిని వెదకవచ్చును. గురువారమునాడు పురానాపూలు వద్ద సాగు జుమ్మెరాత్ బజారులో పాత సామాను దొరకును గాని, పాత ప్లేయరులో లేజరు బలము తగ్గియుండుట కద్దు. అట్టిది అచ్చు డిస్కును చక్కగ పాడును. వ్రాయించిన డిస్కును చూచి నిలిచిపోవును, ఏలయన దాని మెరుపు తక్కువ.

దుకాణదారు తన మేజాపై నుంచుకొన్న క్రొత్త డిస్కును పాడించి చూపును. దానితో తృప్తిపడరాదు. ప్రతులు భద్రమైన పిమ్మట ఇంటి డిస్కునే వెంట కొనిపోయి, దానిని మొదటినుండి చివరివరకు పాడించి, అటుపై ధర మాటలాడవలెను. తాతను గూడ తోడ్కొని పోవలెను. బొత్తాము ఆయన వ్రేలికి దొరకినదో లేదో ఆయనయే చెప్పగలడు.