కబురు ఒకరి ఫోనుకు, ధాన్యం మరొకరిది

మొగల్తూరు ప్రాంతంలో ధాన్యం బేరం ఇప్పుడు కళ్ళంలో కాక ఫోనులో మొదలవుతున్నది. మిల్లు ఏ రకం తీసుకుంటున్నది, లారీ ఎప్పుడు వస్తుంది అన్న కబుర్లు వాట్సాప్ మీదుగా నడుస్తున్నవి. ప్రభుత్వానికి అమ్మే రైతు వాట్సాప్‌లో ‘హాయ్’ అని పంపి, ఏ రోజు ఏ కేంద్రానికి ధాన్యం తెచ్చేదీ నమోదు చేసుకునే ఏర్పాటు 2024 సార్వాలో వచ్చింది. వర్తకులకు, మిల్లర్లకు ఇది సదుపాయమే. అయితే ఆ ఫోను ఇంట్లో ఎవరి జేబులో ఉన్నదో అడిగేవారు లేరు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు పురుషులలో నూటికి 49 మంది కాగా, స్త్రీలలో 21 మందే. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజం. కాని 2015-16 వ్యవసాయ గణనలో రాష్ట్రంలోని కమతాలలో దాదాపు 30 శాతం స్త్రీల చేతిలో ఉన్నవి. దేశం మొత్తం మీద ఇది 14 శాతమే. కనుక పట్టా తల్లిది, నెంబరు కొడుకుది అయిన ఇళ్ళు ఈ రాష్ట్రంలో తక్కువ ఉండవు. కౌలుకు చేసే స్త్రీ సంగతి మరీ కష్టం. 2019 చట్టం కింద సాగుదారు కార్డుకు భూయజమాని ఒప్పుదల కావాలి. అది దొరకకపోతే పేరూ లేదు, నెంబరూ లేదు.

2025-26 సార్వాకు మద్దతు ధర సాధారణ రకం క్వింటాలుకు రు. 2,369, ఎ గ్రేడు రు. 2,389. అంటే 75 కిలోల బస్తా సాధారణ రకం రు. 1,777 దాకా పలకాలి. తేమ 17 శాతం దాటరాదు. ఈ అంకెలు తెలిసినామె కాటా దగ్గర తరుగు ఎంత తీశారని నిలదీస్తుంది. తెలియనామె దళారు చెప్పిందే ధర అనుకుంటుంది. బస్తాకు రు. 100 తగ్గినా, ఎకరాకు 30 బస్తాల లెక్కన రు. 3,000 పోయినట్టే.

ఇది వర్తకుని పని కాదనేవారున్నారు. ఆ వాదన నిలవదు. కొడుకు ఫోనులో ఒప్పుకున్న ధరకు కళ్ళంలో తల్లి ఒప్పుకోకపోతే ఆగేది వర్తకుని లారీయే, హమాలీ ఖర్చు పడేదీ అతనికే. తేమ సంగతి ముందే తెలిస్తే ఆమె మరో రెండు ఎండలు ఎండబెట్టి ఇచ్చేది.

స్త్రీలకు లెక్కలు తెలియవన్న మాట కూడా చెల్లదు. ఐకేపీ కొనుగోలు కేంద్రాలలో తేమ యంత్రం పట్టి, రిజిస్టర్లు రాసినవారు మహిళా సంఘాల సభ్యులే. రేడియోలో బజారు ధరలు చదివిన రోజుల్లో వంటింట్లో ఉన్నవారికీ అవి వినబడేవి. ఇప్పటి కబురు చదవను వచ్చి, చేతిలో ఫోను ఉన్నవారికే చేరుతున్నది.

పరిష్కారానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఖాతా పుస్తకంలో పట్టాదారు పేరు పక్కన ఆమె సొంత నెంబరు రాసుకోవాలి. ధర, తేమ, తరుగు, బస్తాల సంఖ్య తెలుగులో మాటగా ఆమెకే చెప్పాలి. అందుకు బటన్ల ఫోను చాలు. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్ నడుస్తున్నది ఆ పద్ధతిలోనే. కాటా చీటీ ఆమె చేతికే ఇవ్వాలి. దాళ్వా ధాన్యం ఏప్రిల్‌లో కళ్ళాలకు వస్తుంది. కమీషన్ వర్తకులు నెంబర్లు సరిచూసుకోవలసింది అంతకు ముందే.