నెలకి 28 రోజులేనా?

పాలవాడికి, పేపరువాడికి, ఇంటి అద్దెకి నెలంటే నెలే. సెల్‌ఫోను రీచార్జికి మాత్రం చాలా ప్యాకుల్లో నెలంటే 28 రోజులు! పోనీ రెండు రోజులేగా అనుకుంటాం. వంటింటి లెక్క వేసి చూడండి. ఏడాదికి 13 సార్లు డబ్బు కట్టాల్సి వస్తుంది. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగు రీచార్జిలు అదనం. నూనె ప్యాకెట్టు రూపాయి పెరిగితే కొట్టువాణ్ణి నిలదీసే మనం దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తున్నాం సుమా!

ఫోను కంపెనీల మీద అజమాయిషీకి ట్రాయ్ అనే సంస్థ 1997 నుంచీ ఉంది. ధర ఇంతే ఉండాలని అది సాధారణంగా చెప్పదు. కంపెనీలు పోటీ పడుతుంటే ధర దానంతట అదే దారికొస్తుందని నమ్మకం. కొన్నాళ్లు వచ్చింది కూడా. 2016 సెప్టెంబరులో జియో వచ్చి నెలల తరబడి ఊరికే ఇచ్చింది. మనమూ తీసుకున్నాం, తప్పేముంది! మిగతావాళ్లూ రేట్లు దించక తప్పలేదు. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసింది, ఐడియా, వొడాఫోన్ ఒకటయ్యాయి. చివరికి మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలు, సర్కారువారి బీఎస్సెన్నెల్ మిగిలాయి. వీధిలో కొత్తగా కొట్టు పెట్టినాయన కొన్నాళ్లు కందిపప్పు ఊరికే పోస్తే, పక్క కొట్లు మూతపడ్డాక ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? 2024 జూలైలో ఆ మూడు ప్రైవేటు కంపెనీలూ ఒక్కరోజు అటూ ఇటూగా రేట్లు పెంచాయి.

ట్రాయ్ ఊరికే కూర్చోలేదు. ఒక సర్కిల్లో చందాదారుల్లో గానీ ఆదాయంలో గానీ 30 శాతం ఉన్న కంపెనీ, పోటీదార్లను దెబ్బతీయడానికి ఖర్చుకన్నా తక్కువకి అమ్మకూడదని 2018 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చింది. మరి కొత్త కంపెనీ ఆ 30 శాతం చేరేదాకా? అడ్డులేదన్నమాట! పాత కంపెనీలు టెలికాం ట్రిబ్యునల్‌కెక్కాయి. డిసెంబరులో ట్రిబ్యునల్ ఆ భాగాన్ని కొట్టేసింది. నన్నడిగితే, గిన్నె బోర్లాపడ్డాక మూత వెతికినట్టుంది ఈ వ్యవహారం.

మనకి పనికొచ్చేవి వేరే ఉన్నాయి. ప్రతి కంపెనీ 30 రోజుల ప్యాకు కనీసం ఒకటైనా ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ చెప్పింది. కొట్లో అడగందే చెప్పరు, మీరే అడగండి.

మన మార్కాపురం, గిద్దలూరు వైపు ఎన్నో ఇళ్లలో పిల్లలు పనికోసం హైదరాబాదు, బెంగుళూరు వెళ్లిపోయారు. ఊళ్లో ఉన్న అత్తగారి చేతిలో బటన్ల ఫోను. ఆవిడకి కొడుకు గొంతు వినబడితే చాలు, ఇంటర్నెట్టు జోలికే పోరు. అయినా డేటా కలిపిన ప్యాకుకే డబ్బు కట్టాల్సి వచ్చేది. ఉత్త మాటలకీ, మెసేజిలకీ వేరే ప్యాకు ఉండి తీరాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది. తీరా 2025 జనవరిలో జియో, ఎయిర్‌టెల్ తెచ్చినవి 84 రోజులవీ, 365 రోజులవీ. కూలి డబ్బుతో ఇల్లు నడిపే మనిషి అంత మొత్తం ఒక్కసారే ఎక్కణ్ణించి తెస్తుందమ్మా? ఇది మాత్రం నాకు నచ్చలేదు.

కంపెనీ నచ్చకపోతే నంబరు మార్చకుండానే ఇంకోదానికి మారే హక్కు 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మీ నంబరు వేసి 1900కి మెసేజి పంపితే కోడు వస్తుంది. పాత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. కోడు నాలుగు రోజులే చెల్లుతుంది, కాబట్టి ఆధార్ కార్డు దగ్గర పెట్టుకునే మెసేజి పంపండి.

అంతకన్నా ముందు ఒక పని. ఆ కొత్త కంపెనీ సిమ్ ఉన్న పక్కింటావిడ ఫోను కాసేపు మీ ఇంట్లోకి తెప్పించి, సిగ్నలు అందుతోందో లేదో చూడండి. నల్లమల అంచున ఒక్క కంపెనీ టవరే అందే ఊళ్లో ఎంత పోటీ ఉన్నా ఏం లాభం? అలాంటి చోట బీఎస్సెన్నెల్ టవరు కోసం పంచాయతీలో నలుగురూ కలిసి అర్జీ పెట్టుకోవడమే మేలు.