ముప్ఫయ్యారు ఫ్రేముల వైరాగ్యం

డిజిటల్ కెమెరాతో చేయితిరిగిన యువ ఛాయాగ్రాహకులు కొందరు యిటీవల ఫిలిం వైపు మళ్లుతున్నారు. యెక్కడో పాత కెమెరా సంపాదించి, 36 ఫ్రేముల రోలు యెక్కించి, తీసిన బొమ్మ యెలా వచ్చిందో తెలియని ఆ నిరీక్షణను అనుభవిస్తున్నారు. అంతవరకూ పేచీ లేదు. ఒక్క దృశ్యానికి వంద బొమ్మలు తీసి తొంభైతొమ్మిది పారవేసే అలవాటుకు అది మంచి కళ్లెమే. కాని వారు అక్కడితో ఆగడం లేదు. ఫిలిం నిజం చెబుతుందట, డిజిటల్ అబద్ధమాడుతుందట! ఫిలింలో శ్రమ వున్నదట, డిజిటల్‌లో మీట నొక్కడమే వున్నదట! యీ వాదాన్ని పరీక్షించకుండా వదిలిపెట్టడానికి వీల్లేదు. మన విద్యార్థులు కూడా దీన్ని వల్లెవేస్తున్నారు.

ఫిలిం యెప్పుడు నిజం చెప్పింది? సన్నని పెన్సిలుతో నెగటివు మీద మచ్చలు మాయం చేసి, పెళ్లికూతురి ముఖాన్ని తేటపరచిన మన పట్టణాల స్టూడియో పనివారిని అడగండి. 1937లో మాస్కో-వోల్గా కాలువ గట్టున స్టాలిన్ పక్కన నిలబడ్డ యెజోవ్, 1940లో మరణశిక్షకు గురైన తరువాత, అదే ఫొటోలో నుంచి మాయమైనాడు. అతని స్థానంలో నీళ్లు మిగిలాయి. ఆ పని చేసింది కంప్యూటరు కాదు. వామపక్షీయులమైన మనం దీన్ని దాచిపెట్టి నిజాన్ని గురించి వుపన్యసించలేం.

రంగుల ఫిలిం సంగతి మరీ అన్యాయం. రంగులు సరిచూసుకోవడానికి కోడక్ కంపెనీ లేబరేటరీలకు పంపిన నమూనా కార్డుల మీద దశాబ్దాల పాటు వున్నది తెల్లదొరసాని ముఖం. వాటిని షర్లీ కార్డులనేవారు. ఆ కొలతకు నల్లని చర్మం చీకటిలో కలిసిపోయేది. గోధుమరంగు సరిగా రావడం లేదని చాక్లెట్ల వ్యాపారులూ, కర్రసామాను వ్యాపారులూ గోలపెట్టిన మీదటగాని కంపెనీకి చలనం రాలేదు. ఇదీ ఫిలిం చెప్పిన నిజం!

ఇక శ్రమ. ఫిలింలో శ్రమ వున్నమాట వాస్తవమే. కాని యెవరిది? పశువుల యెముకల నుంచీ తోళ్ల నుంచీ తీసిన జెలటిన్‌లో వెండి లవణాలు కలిపి, చీకటి గదుల్లో పూత పూసిన కార్మికులది. 1960లో వూటీలో ప్రభుత్వరంగాన స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిలిం తయారుచేసింది. సరళీకరణ కాలంలో ఖాయిలాపడి, చివరకు మూతపడింది. ఆ కార్మికుల వూసు మన ఫిలిం భక్తుల నోట రాదు. వారికి తెలిసిన శ్రమ, ఫ్రేము జరపడానికి తమ బొటనవేలు తిప్పే మీట ఒక్కటే. పోనీ, డిజిటల్ మీద వారి కోపానికైనా అర్థముందా? 1975లో తొలి డిజిటల్ కెమెరాను తయారుచేసిన స్టీవ్ సాసన్ కోడక్ యింజనీరే. ఫిలిం లాభాలు మరిగిన యాజమాన్యం దాన్ని అటకెక్కించింది. 2012 జనవరిలో దివాలా కోర్టు మెట్లెక్కింది. ఆ పేరుతోనే యిప్పుడు జ్ఞాపకాలు అమ్ముతున్నారు, మనవాళ్లు కొంటున్నారు.

చౌకగానా? ఒక రోలు కొని, కడిగించి, స్కాను చేయించేసరికి వ్యవసాయ కూలీ రెండు రోజుల కూలి దాటిపోతుంది. అవును, స్కానే! ఇంత తపస్సూ చేసి తీసిన బొమ్మ ఆఖరికి అంకెలుగా మారి ఫోను తెరమీదికే చేరుతుంది. డార్క్‌రూములో స్వయంగా కాగితం మీద ముద్రించే నలుగురైదుగురిని మాత్రం యీ మాట నుంచి మినహాయిస్తాను.

సునీల్ జానా 1943లో బెంగాలు కరువును ఫిలిం మీదనే చిత్రించాడు. అప్పుడు వేరే సాధనం లేదు. పి.సి. జోషి వెంట వూరూరా తిరిగి, ఆకలిచావుల మధ్య నిలబడి తీశాడు. ఆ బొమ్మల బలం వెండి రేణువుల నుంచి వచ్చిందనేవారు ఆ రేణువులతోనే తాము తీస్తున్నదేమిటో చూసుకోవాలి. తుప్పుపట్టిన సైకిలు, పొగమంచు, పాత టీ కొట్టు. ఆ కొట్టులో గ్లాసులు కడిగే కుర్రవాడు గ్రెయినుకు అనువైన నీడ అయిపోయాడు. బొమ్మ కింద ఫిలిం పేరు రాస్తారు, లెన్సు పేరు రాస్తారు. కుర్రవాడి పేరు అడిగిన పాపాన పోరు.