కార్తికపు మబ్బు ఎచ్చటినుండి వచ్చును?

పెదకాకాని చుట్టుపట్ల రేగడి చేలలో కార్తిక మార్గశీర్షములందు ప్రత్తి విచ్చియుండును. మిరప పూతపిందెలతో నుండును. అట్టి దినములలో తూర్పున మబ్బు కనబడినచో నింటింట దిగులే. వానకాలము పోయినదిగదా, ఈ మబ్బేల యని సోదరీమణులకు సందేహము కలుగుట సహజము.

వేసవి వెనుక వచ్చు నైరృతిగాలి పడమటి కనుమలను తాకి, తన తేమలో పెద్దపాలును ఆవలనే విడుచును. అక్టోబరులో గాలి మఱలి యీశాన్యమునుండి వీచును. బయలుదేరునపుడది పొడిగాలియే. నడుమనున్న బంగాళాఖాతము నవంబరులో సయితము ఇంచుమించు 28 డిగ్రీల వెచ్చదనము గలది. ఆరవేసిన చీర తడిని గాలి గొనిపోవునట్లు, ఆ గాలి కడలి తేమను గ్రహించి మబ్బు కట్టును.

శ్రీకాకుళము మొదలు కృష్ణవఱకు తీరము నైరృతికి వాలియున్నందున గాలి దాని ప్రక్కగా సాగిపోవును. కృష్ణ దాటినపిదప తీరము దక్షిణమునకు తిరుగును. అచ్చట గాలి యెదురుగా తగులును. నెల్లూరునకు శీతకాలపు వాన యెక్కువగుట కిదియొక కారణము. మన సీమ యా మలుపున నున్నది.

జపానులో కొండల బలము చూడనగును. సైబీరియా చలిగాలి వెచ్చని జపాను సముద్రముమీదుగా వచ్చునపుడు మబ్బులు నాగటిచాళ్లవలె బారులు తీరును. కొరియాకు ఉత్తరమున నున్న పర్వతములు గాలిని రెండు పాయలుగా చీల్చును. అవి మఱల కలియుచోట మబ్బుపట్టె దట్టమగును. ఎదుటనున్న జపాను కొండలు దానిని పైకెత్తి, మంచును కుప్పలుగా రాల్చుకొనును. మనకట్టి చలిగాలి రాకుండ హిమాలయము లడ్డుకొనుచున్నవి. మన తూర్పు కనుమలో, తెగిన గోడవంటివి. గోదావరీ కృష్ణలు వానిని చీల్చిపోయినవి. కావున మన శీతకాలపు వానకు కొండకంటె కడలియే ముఖ్యాధారము.

ఆ కడలి వెచ్చదనమే తుపానులకును ఆహారము. 1977 నవంబరు 19న దివిసీమలో వేలకొలది జనులు మడిసిరి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లకడ తీరము దాటినది.

ప్రత్తి తీయు చేతులు ముఖ్యముగా స్త్రీలవే. చేను మునిగిన రైతునకు పంట పోవును. కూలికి వెళ్లు తల్లికి ఆనాటి గంజియే పోవును. కనుక ఈ మాసములలో వాతావరణశాఖవారి సూచనలను ఇల్లాండ్రును శ్రద్ధతో వినవలెను. విచ్చిన ప్రత్తిని ముందే తీయింపుడు. తడిసినచో రంగు చెడి ధర తగ్గును. మిరప వేళ్లు నిలువనీటి కోర్వవు. చేలలో కాలువలు తీయింపుడు. మబ్బును ఆపుట మనచేత గాదు. దానికంటె ముందు మేలుకొనుట మనచేతనే యున్నది.