పార్కులో పళ్ళెం విసిరే ఆట: మధుమేహం ఉన్నవారు ఆడవచ్చునా?

ప్రశ్న: మా వారికి 63 ఏళ్ళు. పదకొండేళ్ళుగా మధుమేహం. పొద్దున టిఫినుకు ముందు గ్లిమిపిరైడ్, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. తెనాలి నుంచి కాలిఫోర్నియాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వచ్చి రెండు నెలలైంది. ఇక్కడ ఏమీ తోచక ఆయన సోఫా వదలటం మానేశారు. అబ్బాయి పట్టుబట్టి పార్కులో డిస్క్ గోల్ఫ్ అనే ఆటకు తీసుకువెళ్ళాడు. చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. కాని మూడో ఆదివారం ఆట మధ్యలో చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. పళ్ళరసం తాగించాక తేరుకున్నారు. ఆనాటి నుంచి నేను వెళ్ళనివ్వటం లేదు. అబ్బాయికి కోపం, ఆయనకు దిగులు. నేను చేసింది తప్పా?
- ఒక సోదరి

జవాబు: తప్పేమీ లేదమ్మా. అది భయపడవలసిన సంఘటనే. అయితే ఆయన్ను పడగొట్టబోయింది ఆట కాదు, రక్తంలో చక్కెర పడిపోవటం. దాన్ని ఆపగలిగితే ఆటను ఆపనవసరం లేదు.

ఈ ఆట మన పాఠకుల్లో చాలామందికి కొత్త. ప్లాస్టిక్ పళ్ళెం లాంటి బిళ్ళను విసురుతూ, అది పడినచోటికి నడిచి వెళ్ళి, అక్కడినుంచి మళ్ళీ విసురుతూ, చివరకు ఇనుప గొలుసులు వేలాడే బుట్టలో పడేయాలి. తక్కువ విసుర్లతో ముగించినవారిదే గెలుపు. ఇటువంటి తొలి శాశ్వత మైదానం 1975లో లాస్ ఏంజిలిస్ దగ్గర ఓక్ గ్రోవ్ పార్కులో వెలసింది. దాన్ని రూపొందించిన ఎడ్ హెడ్రిక్‌దే ఈ గొలుసుల బుట్ట ఆలోచన కూడా. కొత్తవారికోసం తొమ్మిదే బుట్టలు, దగ్గర దగ్గర దూరాలు ఉన్న మైదానాలున్నాయి. పరుగు లేదు, నడక ఉంది. అందుకే మీ వారి వయసువారికి ఇది మంచి వ్యాయామం.

ఇక ఆనాడు జరిగినదేమిటి? గ్లిమిపిరైడ్ క్లోమగ్రంథిచేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. తిన్నా తినకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. నడిచేటప్పుడు కండరాలు కూడా చక్కెరను లాగుకుంటాయి. రెండూ కలిసినప్పుడు చక్కెర తగ్గుతుంది. టిఫిను ఆలస్యమైనా, తక్కువైనా మరీ పడిపోతుంది. ఆనాడు ఆయన ఎప్పుడు, ఎంత తిన్నారో మీరు వ్రాయలేదు. గుర్తు తెచ్చుకోండి. ఈ సంగతి మీ డాక్టరుకు చెప్పి తీరాలి. మాత్ర మోతాదు ఆయన మార్చాలేగాని, మీ అంతట మీరు మానకూడదు. ఇంతకుముందు నడకలో ఛాతీ బరువు, ఆయాసం ఏమైనా ఉంటే అదీ చెప్పండి. గుండె పరీక్ష అయ్యేదాకా ఆట వద్దు.

డాక్టరు సరేనన్నాక ఇలా చేయండి:

1. టిఫిను తిన్న గంట తర్వాత బయలుదేరాలి. ముందు గ్లూకోమీటరుతో చూడాలి. 100 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండో, రెండు బిస్కెట్లో తిని మొదలుపెట్టాలి.

2. జేబులో చక్కెర పొట్లం ఉండాలి. చెమట, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే ఆట ఆపి, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి గాని, అరగ్లాసు పళ్ళరసం గాని ఇవ్వాలి. పావుగంట తర్వాత మళ్ళీ పరీక్షించాలి. 70కి పైన రాకపోతే మరోసారి ఇవ్వాలి. లడ్డు, చాకొలెట్ పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 911కు ఫోను చేయాలి. మూతి వంకరపోయినా, ఒక చేయి పట్టు తప్పినా, చక్కెర సరిగా ఉండి మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడూ అంతే.

3. ఆడిన కొన్ని గంటల తర్వాత కూడా చక్కెర తగ్గవచ్చు. ఆ రోజు మధ్యాహ్న భోజనం ఆలస్యం కారాదు.

4. యువకుల్లా పరుగెత్తుకుంటూ వచ్చి విసరవద్దు. నిలబడే, 150 గ్రాముల లోపు తేలిక బిళ్ళతో, మెల్లగా విసరాలి. పాదం నేలకు బిగించి నడుము తిప్పితే ఆ మెలిక మోకాలిమీద పడుతుంది. ఒంటితోపాటు పాదాన్నీ తిరగనివ్వాలి. మధుమేహంలో భుజం బిగుసుకుపోవటం ఎక్కువ. చేయి ఎత్తితే నొప్పి వస్తే ఆపాలి.

5. మేజోళ్ళు, బూట్లు తప్పనిసరి. ఇంటికి రాగానే అరికాళ్ళు, వేళ్ళ సందులు మీరే చూడండి. స్పర్శ తగ్గిన పాదానికి పొక్కు వచ్చినా తెలియదు. బిళ్ళ పొదల్లో పడితే అబ్బాయినే తెమ్మనండి. ఆ ప్రాంతాల్లో తాకితే దద్దుర్లు తెప్పించే మూడాకుల పొద ఒకటి ఉంటుంది.

6. విసిరేవారి ముందు ఎవరూ నిలబడకూడదు. బిళ్ళ తేలికైనదే అయినా కంటికి తగిలితే చిన్న దెబ్బ కాదు.

మొదట నాలుగు బుట్టలతో ఆపి కూర్చోండి. వారానికి ఒక్క ఆదివారం ఆడి మిగతా ఆరు రోజులు సోఫాలో ఉంటే లాభం లేదు. వారంలో 150 నిమిషాల నడక పడాలి, వరసగా రెండు రోజులు మించి మానకూడదు.

ఇకమీదట ఆయనతోపాటు మీరూ వెళ్ళండి. చక్కెర పొట్లం మీ చేతిసంచీలో ఉంటే మీ భయం సగం తగ్గుతుంది, మీకూ నడక అవుతుంది. తెనాలిలో గొలుసుల బుట్టలు లేకపోవచ్చు. కాని ఈ రెండు మూడు నెలల్లో కుదిరిన నడక అలవాటును విమానంలో వెంట తెచ్చుకోవటానికి బరువు పరిమితి లేదు కదా!