కవాట పరీక్ష

మోటారుకారు కొనవచ్చినవారు దాని రంగు చూతురు. ఇంజను మ్రోత విందురు. మెత్తని ఆసనముపై కూర్చుండి సంతసింతురు. చక్రముల చెంతనున్న చిన్న డొల్లలోని కవాటము సరిగా పనిచేయుచున్నదా యని అడుగువారు అరుదు.

కమాను పట్టీలు కుదుపును తప్పించునను మాట సగమే నిజము. చక్రము గోతిలో పడినపుడు ఆ తాకిడిని అవి తమలో ఇముడ్చుకొనును. మరుక్షణమే తిరిగి విదల్చును. ఆ యూగులాట ఆగువరకు చక్రము ఒకప్పుడు నేలను అదుముచు, ఒకప్పుడు నేలను విడిచి తేలుచు నుండును. నేలను తాకని చక్రమునకు బ్రేకు వేసి యేమి లాభము? 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు 'టి' కారునకు ఈ యూగులాటను అణచు సాధనమును కర్మాగారమువారు అమర్చనే లేదు. 1927 డిసెంబరులో వెలువడిన 'ఎ' కారునకు నాలుగు చక్రముల చెంతను ద్రవముతో పనిచేయు సాధనములు అమరినవి. వానికి మూలము మారిస్ హూడాయ్ అను ఫ్రెంచివాని కల్పన.

గుండ్రని డొల్లలో చిక్కని ద్రవముండును. అందు తిరుగు రెక్కలకు వెలుపలనున్న ఒక చేయి ఆధారము. ఆ చేయి చక్రముతోపాటు లేచి పడుచుండును. రెక్కలు తిరిగినపుడు ద్రవము సన్నని దారుల గుండా పోవలెను. చెరువులో అరచేతిని మెల్లగా కదపిన నీరు దారి యిచ్చును. వేగముగా త్రోసిన అదే నీరు ఎదురు తిరుగును. ఇచ్చటను అంతే. సన్నని రంధ్రము గుండా రెట్టింపు వేగముతో ద్రవమును పంపుటకు దాదాపు నాలుగు రెట్ల ఒత్తిడి కావలయును. ఏ వైపు కదలికకు ఎంత దారి యీయవలెనో నిర్ణయించునది కవాటము. దాని పీటపై ఇసుకరేణువు చిక్కెనా, అది మూసికొనదు. సాధనము ఉండియు లేనట్లే. మూసికొని బిగిసిపోయెనా, గోతి దెబ్బ అంతయు లంకెపై పడును.

కారు మూలను చేతితో నొక్కి వదలి, అది ఊగక నిలిచినచో అంతయు బాగుగనున్నదని తేల్చుట వాడుకలో కలదు. నా యభిప్రాయమున అది పరీక్ష కాదు, ఊరట. తుప్పుపట్టిన కమానులు కూడ ఊగవు కదా! పైగా మన చేయి మెల్లనిది. రోడ్డు దెబ్బ వడిగలది. మెల్లని కదలికలో లొంగియున్న కవాటము వడిలో ఎట్లు ప్రవర్తించునో చేతికి తెలియదు.

సాధనమును ఊడదీసి, బల్లకు బిగించి, చేతి చివర తెలిసిన బరువును వ్రేలాడదీసి, అది దిగుటకు పట్టిన కాలమును లెక్కింపవలెను. తేలిక బరువుతో ఒకసారి, పెద్ద బరువుతో ఒకసారి. తరువాత చేతిని రెండవ వైపునకు త్రిప్పి మరల. ఇంతటితో చాలదు. చలికి ఆముదము చిక్కపడునట్లే ఈ ద్రవమును చిక్కపడును; కనుక చల్లగ నున్నప్పుడును, వెచ్చనైన పిదపను చూడవలెను. నేటి కర్మాగారములలో యంత్రమే సాధనమును పలు వేగములతో ఆడించి, ఎదురు బలమును గీతగా గీసి చూపును. పాతకార్లను కాపాడుకొనువారికి బరువు, గడియారము చాలును.

ఇంత శ్రమ యెందులకని కొందరందురు. ఒక జతను పరీక్షించి చూడుడు. ఒకే బరువుతో ఎడమది పన్నెండు లెక్కించునంతలో, కుడిది ఐదు లెక్కించునంతలో దిగెననుకొందము. అట్టి కారు గోతిలో పడినపుడు ఒక ప్రక్క అణగును, మరియొక ప్రక్క ఎగురును. అప్పుడు రెండింటిని విప్పవలసినదే. త్వరగా దిగినదానిని మాత్రమే బిగించి ఊరకుండరాదు. నెమ్మదిగా దిగినదానిలోనే ద్రవము చిక్కబడి కవాటము చిక్కుకొని యుండవచ్చును.